హంగర్ గేమ్స్ చదివిన కళ్ళతో మన ఊరు

మొన్న సంక్రాంతి సెలవులకి హాస్టళ్ళ నుంచి వచ్చిన పిల్లలు నలుగురు వేమూరులో టీ కొట్టుకాడ కూర్చుని గట్టిగా వాదించుకుంటన్నారు. రాజకీయం అనుకుని నేనూ బల్ల మీద చేరా. చూస్తే ‘హంగర్ గేమ్స్’ గురించంట. డిగ్రీ చదివే చెల్లెలు ఒకామె నవల మూడు భాగాలూ ఫోన్లోనే చదివేసింది. మగపిల్లలు తెలుగు డబ్బింగులో సినిమా చూశారు. “ఇదంతా మన చుండూరే గదా” అంటది ఆమె. ఎదురుగా కూర్చున్నోడు ఒప్పుకోడు. “అక్కడ స్నో అని ఒక ప్రెసిడెంటు ఉన్నాడు. వాణ్ణి దించితే అయిపోద్ది. మరి చుండూరులో స్నో ఎవుడు?” అన్నాడు.

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు నాకు జవాబు తోచలా. టీ డబ్బులిచ్చి వచ్చేశా. తర్వాత ఆ నవలలూ, ఆ కోవలోవే ఇంకో మూడు నాలుగు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివా. కోర్టు కాగితాలు తిరగేసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది, కాబట్టి నెమ్మదిగానే సాగింది. చదివే కొద్దీ ఆ తమ్ముడి ప్రశ్న ఎంత బరువైందో తెలిసొచ్చింది. ఈ నవలల్ని పక్కపక్కన పెట్టి చూడటానికి అంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలా: ఇందులో జనాన్ని తొక్కిపెట్టేది ఎవరు, దేంతో తొక్కిపెడతన్నారు?

ముందు ఇవేంటో తెలియనోళ్ళ కోసం నాలుగు ముక్కలు. బతుకే నరకంగా నడిచే ఒక సమాజాన్ని ఊహించి, అందులో పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లనో పిల్లాడినో నిలబెట్టి చెప్పే కథలివి. డిస్టోపియా అంటారు. లోయిస్ లోరీ రాసిన ‘ది గివర్’ 1993లో వచ్చింది. మలోరీ బ్లాక్‌మన్ ‘నాట్స్ అండ్ క్రాసెస్’ 2001లో. సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ 2008లో. వెరోనికా రోత్ ‘డైవర్జెంట్’ 2011లో. సినిమాలుగా కొన్ని మన దాకా వచ్చాయి. ఇవేవీ తెలియకపోయినా ‘కల్కి 2898 ఏడీ’ చూసుంటారు. కింద కాశీ ఎండిపోయి ఉంటది, పైన కాంప్లెక్స్‌లో నీళ్ళూ పచ్చదనం ఉంటాయి. ఆ మూసే ఇది. (ఇంకో ఎనిమిదొందల యాభై ఏళ్ళు పోయినా కాశీలో కులం ఊసే లేకుండా తీసిన ఆ సినిమాని చూసి నాకు నవ్వొచ్చింది. కులాన్ని భవిష్యత్తులో మాయం చేయడం సులువు, సెట్టింగు ఖర్చు కూడా ఉండదు.)

‘హంగర్ గేమ్స్’లో దేశం పేరు పానెం. మధ్యలో కాపిటల్ అనే నగరం, చుట్టూ పన్నెండు జిల్లాలు. ఎప్పుడో తిరుగుబాటు చేసినందుకు శిక్షగా ఏటా ఒక్కో జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి పంపాలి. ఇరవై నాలుగు మందిని ఒక చోట వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. దాన్ని టీవీలో అందరూ చూసి తీరాలి. ఇదంతా సినిమాలో ఉంది. సినిమా తొందరగా దాటేసిన సంగతి ఒకటుంది, నవలకి గుండెకాయ అదే. దాని పేరు టెసెరా.

చీటీలో పన్నెండేళ్ళకి ఒకసారి పేరు పడతది, ఏడాదికొకటి పెరుగుతా పోద్ది. ఇది అందరికీ సమానం. కానీ ఇంట్లో తిండి లేనోళ్ళు అదనంగా ఇంకో చీటీ వేసుకుంటే, దానికి బదులు ఒక మనిషికి ఏడాదికి సరిపోయీ సరిపోని ధాన్యం, నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేసుకోవచ్చు. తనకొకటి, తల్లికొకటి, చెల్లెలికొకటి చొప్పున కాట్నిస్ పన్నెండో ఏట నుంచీ వేసుకుంటా వచ్చింది. పదహారేళ్ళకి ఆమె పేరు మీద 20 చీటీలున్నాయి. వాళ్ళ గేల్‌కి పద్దెనిమిదేళ్ళు, ఇంట్లో నోళ్ళు ఎక్కువ, అతని పేరు మీద 42. మేయరు కూతురికి వయసు ప్రకారం పడేవే తప్ప ఒక్కటి కూడా ఎక్కువ లేదు. కాగితం మీద చూస్తే ఎవరూ ఎవర్నీ బలవంతం చేయలా. చీటీ వేసుకోవడం నీ ఇష్టం. వేసుకునేలా చేసేది కడుపు.

గేల్‌కి మేయరు కూతుర్ని చూస్తే మండిపోద్ది. ఆ మంటే కాపిటల్‌కి కావాల్సింది అని కూడా అతనికి తెలుసు. ఆకలిగా ఉన్నోడు కాస్త తిన్నోడి మీద కోపం తీర్చుకుంటంటే, అసలు తిండి దాచినోడు హాయిగా నిద్రపోతాడు.

ఈ టెసెరా అర్థం కావడానికి మనకి డిక్షనరీ అక్కర్లా. డెల్టాలో ఏ కౌలు రైతునైనా అడగండి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కౌలు చేసేవాడికి కార్డు ఇస్తామన్నారు, కార్డుంటే బ్యాంకు అప్పు, పంట నష్టపోతే పరిహారం అన్నారు. కాకపోతే కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే రేపు భూమికి ఏమవుద్దో అని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకడికి పోద్దని కౌలుదారుకి భయం. చట్టంలో ఎవరినీ అడ్డుకోలా. కార్డు మాత్రం చేతికి రాదు, వడ్డీ వ్యాపారి కాడికి పోకా తప్పదు. నవలలో పదకొండో జిల్లా పని వ్యవసాయం. ఆ జిల్లా నుంచి వచ్చిన రూ అనే చిన్నపిల్లతో మాట్లాడుతుంటే కాట్నిస్ ఆశ్చర్యపోద్ది: పంట పండించేవాళ్ళకి తిండికి కొదవేముంటది అనుకుంది. ఆ పంట నోట్లో పెట్టుకుంటే అందరి ముందూ కొరడాలతో కొడతారని ఆ పిల్ల చెప్తది. ఒక జిల్లా ఆకలి ఇంకో జిల్లాకి తెలియకుండా ఉంచడం కూడా పరిపాలనలో భాగమే.

మిగతా నవలల్లో ఇంత తిండి గోల ఉండదు. ‘డైవర్జెంట్’లో షికాగో నగరం, ఐదు వర్గాలు: త్యాగం, స్నేహం, నిజాయితీ, ధైర్యం, జ్ఞానం. పదహారేళ్ళకి పరీక్ష పెడతారు, దాని తర్వాత నువ్వే ఒక వర్గాన్ని ఎంచుకుని బతుకంతా అందులోనే ఉండాలి. పదహారేళ్ళకి పరీక్ష పెట్టి జాతకం తేల్చేయడం మనకేం కొత్త కాదు, ఇంటర్ చదివినోళ్ళని అడగండి. చాలామంది ఈ నవలని కులంతో పోలుస్తారు. నాకు ఆ పోలిక పొసగదు. అక్కడ త్యాగం వర్గంలో పుట్టిన పిల్ల ధైర్యం వర్గంలోకి పోవచ్చు. మన దగ్గర ఆ బల్ల మీద కత్తీ లేదు, గిన్నే లేదు, పుట్టడంతోనే అయిపోద్ది. ఆ నవలలో కులానికి దగ్గరగా వచ్చేది ఏ వర్గమూ లేనోళ్ళ సంగతి. వాళ్ళు చెత్త ఎత్తుతారు, బస్సులు నడుపుతారు, కూలిన ఇళ్ళలో పడుకుంటారు. ఐదు వర్గాలవాళ్ళూ ఒకరంటే ఒకరికి పడకపోయినా, వాళ్ళని చూడకుండా తల తిప్పుకోవడంలో మాత్రం ఏకమవుతారు. రచయిత్రి దాన్ని మొదట్లో చూపించి, తర్వాత తుపాకుల హడావుడిలో పడి వదిలేసింది. మూడో భాగంలో ఇదంతా బయటోళ్ళు చేసిన ప్రయోగం అని తేల్చేసరికి నాకు చప్పబడిపోయింది. ఊళ్ళో పాపం ఊరిదేననే మాట చెప్పలేక, పొలిమేర అవతలోళ్ళ మీదకి నెట్టేసినట్టు అనిపించింది.

‘ది గివర్’ వేరే రకం. అక్కడ ఆకలి లేదు, కొట్టడం లేదు. అందరూ మర్యాదగా మాట్లాడతారు. రంగులు కూడా లేవు, పాత జ్ఞాపకాలూ లేవు. వాటన్నిటినీ ఒక్క ముసలాయన బుర్రలో దాచిపెట్టారు. జోనాస్ అనే పన్నెండేళ్ళ పిల్లాడికి ఆ ఉద్యోగం వస్తది. వాళ్ళ నాన్న పసిపిల్లల్ని చూసుకునే పని చేస్తాడు, చాలా మెత్తటి మనిషి. కవలలు పుడితే బరువు తక్కువున్న బిడ్డని “విడుదల” చేయడం ఆయన డ్యూటీ. విడుదల అంటే ఏందో జోనాస్ ఒకరోజు వీడియోలో చూస్తాడు. సూది. ముద్దు ముద్దు మాటలు చెప్తానే ఆ నాన్న పొడుస్తాడు. ఈ నవలలన్నిట్లో నాకు నిద్ర పట్టనివ్వని పేజీ అదొక్కటే.

ఇప్పుడు మన జిల్లాలోకి రండి. చట్టం రాసి, హాజరు వేసి, పిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీసి జనాన్ని నొక్కిపెట్టిన చోటు కావాలంటే పానెం దాకా పోనక్కర్లా. బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది.

తెల్లోళ్ళు 1871లో నేరస్త జాతుల చట్టం అని ఒకటి చేశారు. కొన్ని జాతుల్లో పుడితే చాలు, నువ్వు దొంగవే. దొంగతనం చేశావా లేదా అన్నది తర్వాత మాట. 1911లో ఆ చట్టాన్ని మన మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. మన దగ్గర దాని దెబ్బ తగిలింది ఎక్కువగా ఎరుకలోళ్ళకి. వాళ్ళు అంతకుముందు కోస్తా నుంచి లోపలి ఊళ్ళకి పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునే తిరుగుడు వ్యాపారులు. రైలు వచ్చి, ఉప్పు సర్కారు చేతిలోకి పోయి ఆ వ్యాపారం దెబ్బతింది. తిరిగేవాళ్ళంటే సర్కారుకి మొదటినుంచీ అనుమానమే. 1913లో వాళ్ళ కోసం స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. గవర్నరు కౌన్సిల్లో మెంబరు హెరాల్డ్ స్టువర్టు పేరు ఊరికి పెట్టారు, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. పేరు రిజిస్టర్లో ఎక్కాలి, వేలిముద్ర ఇవ్వాలి, హాజరు పలకాలి, అనుమతి లేకుండా గడప దాటితే శిక్ష. పిల్లల్ని వేరు చేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కూలికి మనుషులు కావాల్సి వస్తే ఇక్కడినుంచి పంపారు. పన్నెండో జిల్లాకి బొగ్గు ఎట్టాగో, స్టువర్టుపురానికి పొగాకు అట్టా.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో దేశమంతా ఆ చట్టం రద్దయింది. పేరు మాత్రం రద్దు కాలా. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’ అని చిరంజీవి సినిమా, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. కాపిటల్ ఆటలు చూపించే టీవీ ఏం చేస్తదో మన వెండితెర ఆ ఊరికి అదే చేసింది. ఆ ఊరి పిల్ల కాలేజీలో చేరి ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తటపటాయిస్తదో, పక్క బెంచీవాళ్ళు బ్యాగులు ఎందుకు సర్దుకుంటారో ఆలోచించండి. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా హాజరు పట్టీ జనం నోళ్ళలో ఉంది.

స్టువర్టుపురానికి ‘హంగర్ గేమ్స్’ సరిపోద్ది. రాసిన చట్టం ఉంది, సంతకం చేసిన దొర ఉన్నాడు, వేలు పెట్టి చూపించొచ్చు. టీ కొట్టుకాడ తమ్ముడు అడిగింది చుండూరు గురించి. అక్కడ ఈ లెక్క కుదరదు.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. మీరెవరూ అప్పటికి పుట్టలా. కాబట్టి మళ్ళీ చెప్పాలి. దానికి నెల ముందు ఒక సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. అంతే మొదలు. అంటే అది సాకు. అంతకు ముందే చుండూరు దళితవాడలో చదువుకున్నోళ్ళు పెరిగారు, రైల్వేలో ఉద్యోగాలు వచ్చాయి, మోతుబరి పొలంలో పని దొరక్కపోయినా బతకగలిగేవాళ్ళు తయారయ్యారు. టిక్కెట్టు కొనుక్కుని దర్జాగా కూర్చునే కాలు అది. తర్వాత సాంఘిక బహిష్కరణ పెట్టారు, పొలాల్లో పని లేదన్నారు. ఊళ్ళో పోలీసులు ఉండగానే ఆ రోజు జనాన్ని చేల వెంట తరిమి తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారు.

అప్పటికి దేశంలో ఏ చట్టం ఉందో చూడండి. అంటరానితనం నేరమని రాజ్యాంగం 17వ అధికరణ నలభై ఏళ్ళుగా చెప్తానే ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. రాసిన చట్టమంతా చచ్చిపోయినోళ్ళ పక్షానే ఉంది. చంపమని ఏ కాపిటల్ నుంచీ ఆర్డరు రాలా. చీటీ తీయలా. చంపింది రోజూ కాలువగట్టు మీద ఎదురుపడేవాళ్ళు.

పుస్తకంలో చట్టం బాగుండి, ఊరు చెడ్డగా ఉండే సమాజాన్ని పిల్లల నవలలు చాలా తక్కువగా పట్టుకున్నాయి. నేను చదివిన వాటిలో దగ్గరగా వచ్చింది ‘నాట్స్ అండ్ క్రాసెస్’. బ్లాక్‌మన్ లండన్‌లో పుట్టిన నల్లజాతి ఆమె. లోకాన్ని తిరగేసి రాసింది: నల్లవాళ్ళు క్రాసులు, ఏలేవాళ్ళు. తెల్లవాళ్ళు నాట్లు, ఒకప్పటి బానిసలు. బానిసత్వం ఎప్పుడో రద్దయింది. కొద్దిమంది నాట్ పిల్లల్ని పెద్ద బడిలో చేర్చుకోవాలని కొత్తగా చట్టం కూడా వచ్చింది. చట్టం ప్రకారం బడికి వెళ్ళిన నాట్ పిల్లల్ని గేటు ముందు గుంపు అడ్డుకుంటది. దెబ్బ తగిలిన నాట్ పిల్లకి నుదుటి మీద మందు పట్టీ వేస్తారు. ఆ పట్టీ ముదురు గోధుమ రంగులో, తెల్ల చర్మం మీద కొట్టొచ్చినట్టు కనపడతది. షాపుల్లో అదొక్క రంగే అమ్ముతారు. ఎందుకంటే ఒళ్ళు అంటే క్రాసుల ఒళ్ళేనని కంపెనీ లెక్క. అందులో ఏ దుర్మార్గుడి కుట్రా లేదు, ఎవరికీ ఆలోచన రాలేదంతే. రెండు గ్లాసుల పద్ధతి చూసినోళ్ళకి ఆ పట్టీ వెంటనే అర్థమవుద్ది. టీ కొట్టువాణ్ణి అడగండి, “మేం పెట్టింది కాదండీ, ముందు నుంచీ అంతే” అంటాడు.

అదే నవలలో ఇంకో చోటు ఉంది. క్రాసు మంత్రిగారి కూతురు సెఫీ. చిన్నప్పటి నుంచీ కాలమ్ అనే నాట్ పిల్లాడంటే ప్రాణం. బడిలో భోజనం దగ్గర నాట్ పిల్లల బల్ల కాడికి పళ్ళెం పట్టుకొచ్చి కూర్చుంటది. మంచి మనసుతోనే. కాలమ్‌కి వణుకు పుడతది, అవతలికి పొమ్మంటాడు. తర్వాత సెఫీని సొంత జాతి పిల్లలే కొడతారు. బల్ల మార్చినంత మాత్రాన లెక్క మారదనీ, మార్చినందుకు ఎవరు ఎంత కడతారో ముందే రాసిపెట్టి ఉందనీ బ్లాక్‌మన్ చెప్తది. వాళ్ళిద్దరి ప్రేమ చివరికి ఉరికొయ్య కాడికి పోద్ది. కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లల వార్తలు చదివే మనకి ఆ ముగింపు ఊహించడం కష్టం కాదు.

మరి కాలిన్స్‌కి ఇవి తెలియవా? తెలుసు. నవల చివరిదాకా చదవనోళ్ళు ఈ పేరా దాటేయండి. మూడో భాగంలో తిరుగుబాటు గెలుస్తది. స్నో దొరుకుతాడు. తిరుగుబాటు నాయకురాలు కాయిన్ ఏమంటదంటే, కాపిటల్ పిల్లలతో చివరిసారి ఒక ఆట ఆడిద్దాం అంటది. స్నోని చంపమని కాట్నిస్ చేతికి విల్లిస్తే, ఆమె బాణం కాయిన్‌కి వేస్తది. కుర్చీలో మనిషి మారినా ఆట మిగిలి ఉంటే లాభమేంటని ఆ పిల్లకి అర్థమైంది. కానీ అంతకంటే లోతైన సంగతి మొదటి భాగంలోనే ఉంది, అందరూ నవ్వేసి దాటేస్తారు. కాట్నిస్‌ని ఆటకి పంపే ముందు ముస్తాబు చేయడానికి ముగ్గురొస్తారు. రంగు రంగుల జుట్టు, కిచకిచ మాటలు. ఆమె అంటే వాళ్ళకి నిజంగానే ఇష్టం, ఆమె కోసం కన్నీళ్ళు కూడా పెట్టుకుంటారు. ఆటలు ఆపాలని మాత్రం ఒక్కరికీ తోచదు. ఆటల గురించి చెప్పేటప్పుడు కూడా ఆ టైముకి తాము ఎక్కడున్నాం, ఎట్టా చూశాం అనే చెప్పుకుంటారు. చెడ్డోళ్ళు కారు. జోనాస్ వాళ్ళ నాన్న లాంటోళ్ళు.

చుండూరులో స్నో ఎవుడు అన్న తమ్ముడికి జవాబు ఇక్కడ దొరుకుద్దని నాకనిపించింది. కత్తి పట్టింది కొంతమంది. బహిష్కరణ నెల రోజులు నడవాలంటే ఊరంతా కావాలి. కూలికి పిలవని రైతు, సరుకు ఇవ్వని కొట్టు, బడి కాడ పలకరించని స్నేహితుడు. వాళ్ళలో ఎంతమంది మంచోళ్ళో లెక్క లేదు.

మనం ఈ నవలలు చదివేటప్పుడు అందరం కాట్నిస్ అయిపోతాం. అన్ని కులాల పిల్లలూ అయిపోతారు. రచయిత కథని ఆమె నోటితో చెప్పించడం వల్ల వచ్చే తంటా ఇది. 2012లో సినిమా వచ్చినప్పుడు అమెరికాలో ఏం జరిగిందో చెప్తా. రూ పాత్రకి ఒక నల్లజాతి పిల్లని తీసుకున్నారు. నవలలో రూ ఒళ్ళు ముదురు గోధుమ రంగని కాలిన్స్ స్పష్టంగా రాసింది. అయినా నవల చదివి ఆ పిల్ల చావుకి ఏడ్చినోళ్ళే కొంతమంది, తెర మీద ఆమె రంగు చూసి ఆన్‌లైన్లో ఛీ అన్నారు. చదివేటప్పుడు తమ ఇంటి పిల్లగా ఊహించుకుని ఏడ్చారన్నమాట. ఇక్కడా అంతే. మూడు వేళ్ళు ఎత్తి పానెం ప్రజలకి జై కొట్టే కుర్రాళ్ళు, సొంత ఊళ్ళో దళితవాడ మీదుగా పోయే రోడ్డు పేరు కూడా అడిగి ఉండరు. ఆ మూడు వేళ్ళే 2014లో థాయ్‌లాండ్‌లో, 2021లో మయన్మార్‌లో సైన్యానికి ఎదురుగా లేచాయి, అక్కడ అట్టా ఎత్తినందుకు జైలుకి పోయారు. అక్కడి పిల్లలు నవలని సొంత వీధిలోకి దించుకున్నారు.

మన వీధిలో దించుకున్న పోరాటాలకి విల్లు పట్టిన ఒక్క వీరురాలు ఉండదు, అందుకే సినిమాకి పనికిరావు. కారంచేడులో 1985 జులై 17న దళితుల మీద దాడి జరిగితే, మిగిలినోళ్ళు ఊరు వదిలి చీరాలలో శిబిరం వేసుకున్నారు. తాగునీటి చెరువు కాడ పశువుల కుడితి నీళ్ళ గురించి ఒక ఆడమనిషి ఎదురు తిరగడంతో మొదలైన గొడవ అది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. చుండూరు జనం ఏళ్ళ తరబడి పట్టుబట్టి, విచారణ కోర్టు తమ ఊళ్ళోనే పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకి ఎక్కింది. ఏ నవలా ఇరవై మూడేళ్ళు కోర్టు గుమ్మంలో కూర్చోబెట్టి కథ నడపదు, చదివేవాడు పారిపోతాడు. చనిపోయినోళ్ళని ఊరి నడుమ పూడ్చుకుని ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. కాట్నిస్ చివర్లో చేసే పని కూడా ఇలాంటిదే. చనిపోయిన ఒక్కొక్కరి గురించి గుర్తున్నదంతా ఒక పుస్తకంలో రాస్తా కూర్చుంటది.

తెలుగులో ఇలాంటి నవల ఎందుకు రాదు అని ఆ చెల్లెలు అడిగింది. వచ్చింది తల్లీ, వందేళ్ళ క్రితం. గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో ఉండి రాసిన ‘మాలపల్లి’. 1922లో అచ్చయితే మద్రాసు సర్కారు నిషేధించింది. కొన్ని ముక్కలు కోసి వదిలారు, మళ్ళీ నిషేధించారు, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకే ఎత్తేశారు. అందులో భవిష్యత్తు లేదు, యంత్రాలు లేవు. కూలి గొడవ ఉంది, భూమి పోవడం ఉంది, దొంగతనం ముద్ర ఉంది, సెటిల్‌మెంటు కూడా ఉంది. పెద్ద కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచుతాడు, జైల్లో పోతాడు. గేల్ లాంటోడు. తండ్రి రామదాసు ఓర్పు చూస్తే ఈ రోజు మనకి కోపమొస్తది, నాకూ వచ్చింది. ఉన్నవ గారు గాంధీ గారి మనిషి, ఆ తేడా కనపడతానే ఉంటది.

కానీ స్నో ఎవుడో ఆయనకి తెలుసు. చిన్న కొడుకు సంగదాసు ఊరి పెద్ద చౌదరయ్య ఇంట్లో పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు సంగదాసుకి ప్రాణ స్నేహితుడు. ఆ సంగదాసుని చౌదరయ్యే కొట్టి చంపుతాడు. ఒకే ఇంట్లో, అన్నం తినే చోట, ఒక కొడుకు తన స్నేహితుణ్ణి చంపిన నాన్న ఎదురుగా కూర్చోవాలి. కాట్నిస్‌కి రాని కష్టం అది, మన ఊళ్ళలో చాలామంది పిల్లలకి వచ్చిన కష్టం. రామానాయుడు ఏం చేశాడో, ఏం చేయలేకపోయాడో నేను చెప్పను.

ఉన్నవ గారు పోయి అరవై ఏళ్ళు దాటింది కాబట్టి పుస్తకం మీద ఎవరి హక్కూ లేదు, ఊరకే చదువుకోవచ్చు. టీ కొట్టుకాడి తమ్ముడికి మొదటి భాగం ఫోన్‌కి పంపించా. రెండ్రోజులకి “భాష పాతగా ఉందన్నా, మధ్యలో ఈ తత్వాలేందన్నా” అని మెసేజ్ పెట్టాడు. తత్వాలు దాటేసి సంగదాసు వచ్చిన చోటల్లా ఆగి చదవమన్నా. ఇంకా జవాబు రాలా.